సాయంకాలపు విద్యార్థులు

చిత్రకారుడు కావాలని కోరుకునే యువకుడు గాని, యువతి గాని తనను తాను మొట్టమొదట వేసుకునే ప్రశ్న ఒకటే: "నాలో ప్రతిభ వుందా?" దీనికి సమాధానం కోసం కొందరు సంవత్సరాల కాలం వెచ్చిస్తారు. పెద్దలను అడుగుతారు. మిత్రులు మెచ్చుకుంటే పొంగిపోతారు. ఎవరో పెదవి విరిస్తే క్రుంగిపోతారు. ఈ ఊగిసలాటలోనే వయస్సు గడిచిపోతుంది. కుంచె మాత్రం తడవదు.

పొరపాటు ప్రశ్నలోనే వున్నది. ప్రతిభ ముందుగా కొలిచి చూసుకోవడానికి గాదెలోని ధాన్యం కాదు. పనిచేస్తూ వుంటే గాని అది వున్నదో లేదో తేలదు. అందుచేత కొత్తగా కళలో అడుగుపెట్టేవారు వేసుకోవలసిన ప్రశ్న వేరు: "ఈరోజు గీసినది బాగులేకపోయినా, రేపు మళ్ళీ గీస్తానా?" ఈ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కరలేదు, గురువు కూడా అక్కరలేదు. రేపటి సాయంకాలమే జవాబు చెబుతుంది.

సాయంకాలం అనడానికి కారణం వున్నది. ఢిల్లీలో పేరు గాంచిన చిత్రకారులలో పలువురు పగలంతా మరొక పని చేసి, పొద్దుగూకిన తరువాత కళాభ్యాసం చేసినవారే. నేటికీ మండీ హౌస్ ప్రాంతంలో కార్యాలయాలు వదిలే వేళ నిలబడి చూస్తే, చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో చుట్టిన కాగితాలు పెట్టుకుని నడిచేవారు కనిపిస్తారు. అక్కడి త్రివేణి కళాసంగమాన్ని సుందరి శ్రీధరాణి 1950లో స్థాపించారు. సంగీతం, నృత్యం, చిత్రలేఖనం నేర్చుకోవడానికి అక్కడికి వచ్చేవారిలో ఉద్యోగులూ వున్నారు, గృహిణులూ వున్నారు. వీరిలో ఎందరు చిత్రకారులవుతారన్నది ఎవరూ చెప్పలేరు. అయితే వీరికి ముందు ఈ దారిన నడిచినవారి కథలు తెలుసుకుంటే, నేర్చుకోదగిన సంగతులు కొన్ని దొరుకుతాయి.

బ్యాంకు గుమ్మం దాటినవారు

1945 ప్రాంతం. సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో ఆర్థికశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థి, మిత్రులతో కలసి కనాట్ ప్లేసులో కాలక్షేపానికి తిరుగుతూ, ఒక చిత్రకళా ప్రదర్శనలోకి అడుగుపెట్టాడు. అతడు 1924లో సిమ్లాలో జన్మించాడు. తండ్రి ప్రభుత్వోద్యోగి, పెద్ద కుటుంబం. చదువు, ఉద్యోగం, సంసారం అనే రాచబాట అతని ముందు సిద్ధంగా వున్నది. కాని ఆ ప్రదర్శనలో చూసిన బొమ్మలు అతణ్ణి వదలలేదు. శారదా ఉకీల్ చిత్రకళా పాఠశాలలో చేరి, శైలోజ్ ముఖర్జీ వద్ద చిత్రలేఖనం నేర్చుకోసాగాడు. ఆ యువకుడే తరువాతి కాలంలో దేశమంతా ఎరిగిన రామ్ కుమార్.

ఇక్కడ గమనించదగినది ఆయన వేసిన అడుగుల వరుస. ప్రదర్శన చూసిన మరునాడే ఆయన చదువు మానలేదు. చదువు ముగించారు, బ్యాంకులో ఉద్యోగం చేశారు; బొమ్మలు గీయడం మాత్రం విడిచిపెట్టలేదు. 1948లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేనాటికి రంగులతో ఆయన పరిచయం కొత్తది కాదు. ఆ తరువాత తండ్రిని ఒప్పించి, పారిస్‌కు వెళ్ళడానికి మాత్రమే సరిపోయే టిక్కెట్టు సంపాదించారు. తిరుగు ప్రయాణానికి టిక్కెట్టు లేదు! పారిస్‌లో ఆండ్రే లోత్, ఫెర్నాండ్ లెజే అనే ప్రసిద్ధ చిత్రకారుల వద్ద విద్యార్థిగా చేరారు. స్వదేశం తిరిగి వచ్చిన తరువాత నగరాలలోని నిరుద్యోగుల దిగులు ముఖాలు చిత్రించారు. తరువాత కాశీ నగరపు ఘట్టాలు చిత్రించారు. క్రమంగా మనుష్యులే లేని నైరూప్య దృశ్యాలకు చేరుకున్నారు. హిందీలో కథలు కూడా వ్రాశారు. 2018లో, తొంభై మూడు సంవత్సరాల వయస్సులో మరణించేనాటికి ఆయన పని డెబ్బై ఏళ్ళ పొడవున పరచుకుని వున్నది.

కృష్ణ ఖన్నా కథ కూడా ఇటువంటిదే. ఓర్పు విషయంలో ఇంకా గొప్పది. 1925లో జన్మించిన ఆయన లాహోరులోని మేయో కళాశాలలో సాయంకాలపు తరగతులకు వెళ్ళి చిత్రలేఖనం అభ్యసించారు. దేశ విభజన తరువాత ఆ కుటుంబం ఇటు తరలివచ్చింది. గ్రిండ్లేస్ బ్యాంకులో ఉద్యోగం దొరికింది. పన్నెండేళ్ళకు పైగా పగలు బ్యాంకు లెక్కలు చూస్తూ, మిగిలిన కాలంలో బొమ్మలు వేశారు. బొంబాయిలో పనిచేస్తున్న రోజులలోనే హుస్సేన్ మొదలైన ప్రగతిశీల చిత్రకారుల స్నేహం లభించింది. 1961లో రాజీనామా ఇచ్చి బ్యాంకు గుమ్మం దాటి వస్తూంటే, అభినందించడానికి హుస్సేన్ తదితర మిత్రులు వెలుపల కాచుకుని వున్నారట. మరుసటి సంవత్సరమే ఆయనకు రాక్‌ఫెలర్ ఫెలోషిప్ లభించింది. తరువాత ఢిల్లీయే ఆయన కార్యక్షేత్రమయింది. లారీలలో ఒకరిపై ఒకరు ఒరిగి నిద్రపోయే కూలీలు, పెళ్ళి ఊరేగింపుల ముందు ఎర్రకోట్లు తొడుక్కుని బాకాలు ఊదే బ్యాండువాళ్ళు ఆయన చిత్రాలలోకి నడిచి వచ్చారు. 2025 జూలైలో ఆయనకు నూరేళ్ళు నిండాయి.

ఈ రెండు కథలూ ఆధారంగా, "ముందు ఉద్యోగం మానేయండి, కళ తానుగా వస్తుంది" అని ఎవరైనా చెబితే నమ్మరాదు. జరిగినది అందుకు విరుద్ధం. ముందు పని అలవాటయింది. ఉద్యోగం తరువాత పోయింది. కూటికోసం కోటి విద్యలన్నారు పెద్దలు. అందులో ఒక విద్య కడుపు నింపుతూంటే, మరొక విద్య మనస్సును నింపవచ్చు. అందులో సిగ్గుపడవలసినది లేదు. పైగా నెల జీతం చేతికి వచ్చేవాడు, కొనుగోలుదారు అభిరుచి కోసం గీత మార్చుకోనక్కరలేదు. ఆ స్వేచ్ఛ చిన్నది కాదు.

అయితే దీనికి మూల్యం కూడా వున్నది. అలసిన శరీరంతో కాగితం ముందు కూర్చోవడం సులభం కాదు. బంధువుల ఇళ్ళలో వేడుకలు, మిత్రుల కబుర్లు, ఆదివారపు విశ్రాంతి, అన్నింటిలోనూ కొంత కోత పడుతుంది. రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవరాదు. ఇల్లాలి సహనమో, భర్త సహకారమో, తల్లిదండ్రుల ఓర్పో ఇందులో భాగస్వాములని మరచిపోరాదు. వారితో దాపరికం లేకుండా మాట్లాడి, రోజుకు ఒక గంట తనదని ఒప్పించుకున్నవారు సగం కష్టం దాటినట్లే.

యాభైలో మిగిలినవి ఎన్ని?

మంజీత్ బావా పంజాబులోని ధురీలో 1941లో జన్మించారు. 1958 నుంచి 1963 వరకు ఢిల్లీ కళాపాఠశాలలో చదివారు. సోమనాథ్ హోర్, కె. ఎస్. కులకర్ణి, ధన్‌రాజ్ భగత్, బి. సి. సన్యాల్ వంటి ఉద్దండులు ఆయనకు గురువులు. అయినా తన వ్యక్తిత్వం రూపొందినది అవనీ సేన్ వద్దనేనని ఆయన చెప్పుకునేవారు. ఆ గురువు పద్ధతి విచిత్రమైనది. రోజుకు యాభై స్కెచ్‌లు గీసి తెమ్మనేవారు. తెచ్చిన తరువాత వాటిలో అధిక భాగం పనికిరావని తోసిపుచ్చేవారు. మరునాడు మళ్ళీ యాభై!

ఆ వయస్సులో అది ఎవరికైనా అవమానంగానే తోస్తుంది. మంజీత్ బావాకు మాత్రం దానివల్ల ఎడతెగకుండా పనిచేసే అలవాటు అబ్బింది. కొంచెం ఆలోచిస్తే ఆ గురువు ఆంతర్యం బోధపడుతుంది. రోజుకు ఒక్క బొమ్మ గీసేవాడికి ఆ బొమ్మ మీద మమకారం పెరుగుతుంది. దాన్ని కాదంటే తనను కాదన్నట్లు బాధపడతాడు. యాభై గీసేవాడికి ఆ తీరిక లేదు. నలభై పోయినా పది మిగులుతాయి. పదీ పోయినా రేపు వున్నది. క్రమంగా చేతికి భయం పోతుంది. భయం పోయిన చేయి గీసిన గీతకు ఒక ధైర్యం, ఒక వేగం వస్తాయి. ఆ తరువాతనే కంటికి కనిపించినది కాగితం మీదకు దిగుతుంది.

కళ కూడు పెట్టదని మంజీత్ బావా తల్లి ఆయనను వారించేవారు. ఆ తల్లి మాటలో అబద్ధం ఏమున్నది? మన ఇళ్ళలో తల్లులు చెప్పేదీ అదే. ఆయన ఆ భయానికి తన చేతులతోనే సమాధానం చెప్పారు. 1964లో బ్రిటన్ వెళ్ళి, 1971 వరకు అక్కడ సిల్క్ స్క్రీన్ అచ్చుపని చేసి జీవించారు. అచ్చుపని చేసిన అనుభవం వృథా పోలేదు. చదునుగా, వెలుగుతున్నట్లుగా పరచుకునే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల నేపథ్యం మీద వేణువూదే గోపాలుడు, ఆవులు, పులులు తేలివచ్చే ఆయన చిత్రాలు చూసినవారికి ఆ సంగతి స్ఫురిస్తుంది. బ్రతకడానికి చేసే పని కళకు శత్రువే కానక్కరలేదు. ఒక్కొక్కప్పుడు అది రెండవ గురువవుతుంది.

కొత్తవారికి ఈ కథ నుంచి ఆచరణకు పనికివచ్చే నియమం ఒకటి తయారు చేసుకోవచ్చు. చౌకరకం కాగితాల పుస్తకం ఒకటి, పెన్సిళ్ళు రెండు చాలు. ఖరీదైన కాన్వాసు కొన్నవాడు దాన్ని పాడుచేయడానికి జంకుతాడు. చౌక కాగితం ఆ జంకును పోగొడుతుంది. మెట్రో రైలులో కునికిపాట్లు పడే ప్రయాణికుడు, టీ దుకాణం వద్ద గ్లాసు పట్టుకున్న చేయి, మూలన విడిచిన చెప్పుల జత, ఏదైనా సరే. ప్రతి పుట మీద తేదీ వేయాలి. ఏ పుటనూ చింపివేయరాదు. ఆరు మాసాలు గడచిన తరువాత మొదటి పుట తెరచి చూస్తే, ప్రతిభ గురించి వేధించిన ప్రశ్నకు కొంత సమాధానం అక్కడే కనిపిస్తుంది. అప్పుడు అవనీ సేన్ వంటివారు, అంటే మొగమాటం లేకుండా "ఇది కాదు" అనగలవారు, ఒక్కరు దొరికినా అదృష్టమే. చేతిలోని ఫోనులో అపరిచితులు కురిపించే మెప్పు ఆ లోటు తీర్చలేదు. అది మూణ్ణాళ్ళ ముచ్చట.

చూడడం కూడా చదువే

గీయడం ఎంత ముఖ్యమో చూడడం అంత ముఖ్యం. ఈ విషయంలో ఢిల్లీవాసులు భాగ్యవంతులు. ఇండియా గేటు సమీపంలోని జైపూర్ హౌస్‌లో జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల వున్నది. 1954 మార్చి 29న దాన్ని ప్రారంభించినవారు నాటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. ప్రధాని నెహ్రూ కూడా ఆ సభకు విచ్చేశారు. అమృతా షేర్‌గిల్ చిత్రాలు అధిక సంఖ్యలో వున్నది అక్కడే.

అమృత జీవితంలోని ఒక ఘట్టం ప్రారంభకులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఆమె పారిస్‌లో కళాభ్యాసం చేసి, 1932లో 'యువతులు' అనే చిత్రం వేసి, ఇరవై ఏళ్ళకే అక్కడ గౌరవం పొందారు. మరొకరైతే ఆ పద్ధతినే పట్టుకుని జీవితమంతా గడిపివుండేవారు. ఆమె భారతదేశం తిరిగి వచ్చి, అజంతా గుహలలోని చిత్రాల ముందు, కొచ్చి సమీపంలోని మట్టాంచేరి కుడ్యచిత్రాల ముందు మళ్ళీ విద్యార్థినిగా నిలబడ్డారు. ఆ దక్షిణ దేశ యాత్ర తరువాత 1937లో వేసినవే 'బ్రహ్మచారులు', 'వధువు అలంకారం'. అజంతా గోడల మీది మట్టిరంగుల గాంభీర్యం వాటిలో కనిపిస్తుంది. అయినా అవి అజంతాకు నకళ్ళు కావు.

ప్రదర్శనశాలకు వెళ్ళినవారు సాధారణంగా ఒక గంటలో అన్ని గదులూ చుట్టి వస్తారు. అది తిరునాళ్ళకు పోయివచ్చినట్లుంటుంది. నేర్చుకోదలచినవారు ఒకే చిత్రం ముందు అరగంట నిలబడాలి. వెలుగు ఎటునుంచి పడుతున్నది? కన్ను మొదట ఎక్కడికి పోయి, తరువాత ఎటు నడుస్తున్నది? ఏ రంగు పక్కన ఏ రంగు వున్నది? ఏది గీయకుండా విడిచిపెట్టారు? ఈ ప్రశ్నలు వేసుకుని, ఇంటికి వచ్చి, చూసినదాన్ని జ్ఞాపకం మీద గీసి చూడాలి. మరచిపోయినది ఏదో, సరిగా చూడనిదీ అదే. మరుసటి వారం పోయి మళ్ళీ చూడాలి.

శైలి కోసం పరుగులు

కొద్దికాలం గీసిన తరువాత ప్రారంభకుణ్ణి పట్టుకునే మరొక జబ్బు, 'నాదంటూ ఒక శైలి' కోసం తొందర. ఆ తొందరలో పేరున్నవారి బాణీని అనుకరిస్తాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం కొన్నాళ్ళే సాగుతుంది. శైలి వెతికితే దొరికేది కాదు. తాను నిజంగా ఎరిగిన లోకాన్ని పదేపదే గీస్తూ వుంటే దానంతట అది వచ్చి చేరేది.

మన తోట వైకుంఠం ఇందుకు చక్కని నిదర్శనం. కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో 1942లో జన్మించి, హైదరాబాదులో చదివి, బరోడాలో కె. జి. సుబ్రహ్మణ్యన్ వద్ద శిక్షణ పొందారు. ఎంత చదివినా, ఎన్ని పద్ధతులు చూసినా, చివరకు ఆయన చేయి తన ఊరి ఆడవారి నుదుట నిండైన కుంకుమ బొట్టు దగ్గరికే తిరిగి వచ్చింది. తల్లిని చూస్తూ పెరిగిన కళ్ళు ఎరిగిన రూపాలవి. మధిరలో 1940లో జన్మించిన సూర్యప్రకాశ్ ఢిల్లీ వెళ్ళి రామ్ కుమార్ వద్ద సాధన చేశారు. కాని గురువుగారి కాశీని చిత్రించలేదు. ఎండుటాకులు, తామరకొలనులు తన లోకంగా చేసుకున్నారు. నిజమైన శిష్యుడు గురువు వద్ద నేర్చేది పనిచేసే పద్ధతిని, బొమ్మను కాదు.

ఒంటరి ప్రయాణం కాదు

కళాకారుడు ఏకాంతవాసి అని లోకంలో ఒక నమ్మకం వున్నది. ఢిల్లీ చరిత్ర అలా చెప్పదు. దేశ విభజనతో లాహోరులోని సర్వస్వం పోగొట్టుకుని వచ్చిన బి. సి. సన్యాల్ గోల్ మార్కెట్‌లో ఒక స్టూడియో నెలకొల్పితే, అది తనవంటి కళాకారులకు కూడలి అయింది. 1949లో వారంతా కలసి ఢిల్లీ శిల్పి చక్ర అనే సంఘం స్థాపించారు. ప్రదర్శనశాలలు వేళ్ళ మీద లెక్కించదగినన్ని వున్న ఆ రోజులలో, ఒకరి బొమ్మను మరొకరు చూసి తర్కించుకోవడమే వారికి పాఠశాల, వారికి ప్రోత్సాహం.

పత్రికా రచయితగా జీవిస్తూ, ఢిల్లీ పాలిటెక్నిక్‌లో సాయంకాలపు తరగతులకు వెళ్ళిన జె. స్వామినాథన్ కూడా ఇటువంటి మైత్రిని నమ్మినవారే. ఆయన, మరి పదకొండుమంది కలసి 'గ్రూప్ 1890' పేరిట 1963లో ఢిల్లీలో ప్రదర్శన జరిపారు. ఆ అంకె వెనుక రహస్యమేమీ లేదు. వారు సమావేశమైన భావనగర్‌లోని ఇంటి నంబరు అది! ఆ ప్రదర్శనను నెహ్రూ ప్రారంభించారు. మెక్సికో కవి ఆక్టేవియో పాజ్ పరిచయ వ్యాసం వ్రాశారు. ఆ బృందం ఆ ఒక్క ప్రదర్శనతోనే ముగిసినా, దాని పేరు మాత్రం నిలిచిపోయింది. 1976లో లలితకళా అకాడమీ గఢీ గ్రామంలో కళాకారుల స్టూడియోలు ఏర్పాటు చేసినప్పుడు, అద్దె భరించలేని యువకులకు పనిచేసే చోటుతోపాటు పొరుగున పనిచేసే తోడు కూడా దొరికింది. ఇప్పుడు మొదలుపెట్టేవారు సంఘాలే స్థాపించనక్కరలేదు. వారానికొకసారి కలసి గీసే నలుగురు వున్నా చాలు. తానొక్కడే విఫలుడనుకునే దిగులు ఆ నలుగురి మధ్య నిలవదు.

పేరు రానివారి మాట

ఇంతవరకు చెప్పుకున్నవారంతా గెలిచినవారు. గెలిచారు కనుకనే వారి పేర్లు మనకు తెలిశాయి. అదే తరగతి గదులలో, అవే బల్లల మీద కూర్చుని, అంతే శ్రద్ధగా గీసి, ఎవరికీ తెలియకుండా మిగిలిపోయినవారు ఎందరో వుంటారు. ఈ నిజాన్ని ప్రారంభకుల వద్ద దాచడం ధర్మం కాదు. శ్రమ వుంటే పేరు తప్పక వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాలం కూడా అందరికీ సమంగా దక్కదు. రాజమండ్రి గర్వించదగిన దామెర్ల రామారావు, బొంబాయిలో విద్య ముగించి వచ్చి, స్వస్థలంలో పదిమందికి చిత్రకళ నేర్పుతూ, 1925లో మశూచి సోకి ఇరవై ఎనిమిదేళ్ళు నిండకముందే మరణించారు. సన్యాల్ నూరేళ్ళు దాటి జీవించారు. ఎవరి వాటా ఎంతో ముందుగా తెలిసే మార్గం లేదు.

మరి పేరు రాకపోతే ఆ సాయంకాలాలన్నీ వ్యర్థమేనా? సంవత్సరాల తరబడి గీసినవారిని అడిగితే తెలుస్తుంది. వారు నడిచే వీధి ఇతరులు నడిచే వీధి కాదు. వేపచెట్టు నీడలో నీలం వుంటుందని వారికి తెలుసు. వృద్ధురాలైన తల్లి చేతుల మీది ముడతలు, అవి గీసినవారు చూసినట్లు మరొకరు చూడలేరు. ఆ చూపు ఒకసారి అబ్బిన తరువాత దాన్ని ఏ న్యాయనిర్ణేతా తిరస్కరించలేడు.

కనుక ప్రతిభ సంగతి కాలానికి విడిచిపెట్టడం మంచిది. కార్యాలయం వదిలే వేళ అయింది. సంచిలో చౌక కాగితాల పుస్తకం వున్నది. బస్సు రావడానికి పది నిమిషాలు వ్యవధి వున్నది. ఎదుటి బల్ల మీద ఎవరో పెద్దమనిషి చేతికర్రకు గడ్డం ఆనించి కూర్చున్నాడు. ఆయన లేచి వెళ్ళిపోకముందే మొదలుపెట్టాలి.